థర్మల్ సామాను

ఇవాళ మెకానిక్ నా కారు థర్మోస్టాట్ విప్పి అరచేతిలో పెడితే, ఆ కాలిన రబ్బరు వాసనకు నాన్న అంబాసిడర్ గుర్తొచ్చింది. మన రాయచూరు పిల్లలకు థర్మల్ అంటే ఒక్కటే కదా, ఆ కరెంటు ఫ్యాక్టరీ.

ఒకసారి అక్కడి ఇంజనీరు సారును ఎక్కించుకుని లింగసుగూరు నుంచి వస్తుంటే దారిలో ఇంజన్ మరిగిపోయింది.

"థర్మోస్టాట్ పట్టేసింది సేటు," అన్నాడు డ్రైవర్.

నాన్న కంగారుపడ్డాడు. "థర్మల్ సామాను మన కార్ల ఎందుకున్నది? దొంగ సామాననుకుంటరు, ఇజ్జత్ పోతది. తీసి పారెయ్యి."

సారు పగలబడి నవ్వాడు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుందని, వేడెక్కితే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదులుతుందని చెప్పాడు. వెనక సీట్లో నేను తలెత్తలేకపోయాను.

నాన్న చెవులు ఎర్రగా వేడెక్కాయి. నోరు మాత్రం రాయచూరు దాకా తెరుచుకోలేదు.