అన్నమడగని కోడ్

రిటైరవడానికి ముందు ఏడాది, వానాకాలంలో, దబీర్‌పురాలోని ఒక గాజుల హోల్‌సేల్ సంస్థలో నన్ను టెక్నికల్ లీడ్‌గా వేశారు. ఆర్డర్ల వెబ్‌సైటును పాత ఫ్రేమ్‌వర్క్ నుంచి కొత్తదానికి మార్చడం అప్పటికే అయిపోయింది. ఫ్రేమ్‌వర్క్ అంటే వెబ్‌సైటు కట్టుకోవడానికి సిద్ధంగా దొరికే చట్రం. మిగిలింది ఊడ్చే పని. కొత్త సైటులో ఎవరూ పిలవని, అంటే ఏ పనికీ వాడని పాత కోడ్ ఇంకా అక్కడే పడి ఉంది. మా వృత్తిలో దాన్ని డెడ్ కోడ్ అంటారు. చచ్చిందని అందరికీ తెలుసు, ఎత్తేవాళ్లే లేరు.

కారణం జనరల్ మేనేజర్ దామోదర్ గారు. యజమానుల ఇంటి మనిషి, పాత సైటును స్వయంగా రాసినవారు. "పడి ఉంటది తియ్యి, అన్నమడుగుతదా ఏంది?" అనేవారు. నిజానికి అడిగేది. ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందు ఆ ఫైళ్లన్నీ చదివి, ఇవి పనికిరానివని తేల్చుకోవడానికే పూట గడిచిపోయేది.

తొలగింపు పని నజ్నీన్‌కు అప్పగించాను. ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయి. ఇది సవ్యంగా అయితేనే ఉద్యోగం ఖాయం. పాత కోడ్‌ను ఎవరైనా పిలిస్తే నమోదయ్యేలా అంతటా ఏర్పాటు చేసి, పండుగల సీజను దాటేదాకా చూసింది. ఒక్క పిలుపూ లేదు. అప్పుడు తొలగింపు సిద్ధం చేసి దామోదర్ గారి ఆమోదానికి పంపింది. ఆయన సరే అని నొక్కితేనే ఏ మార్పయినా సైటుకెక్కుతుంది.

మెయిల్‌లో 'తొలగింపు' అన్న మాట ఆయన కంటపడింది. మర్నాటి నుంచి ఒకటే లొల్లి. సైటు నెమ్మదించిందట. మలక్‌పేట దుకాణానికి ఎర్రగాజులకు బదులు పచ్చగాజులు పోయాయట.

"నేను జెప్పలేదా మేడం? పునాదే పీకేసిన్రు. ఆ పిల్లను కన్ఫర్మ్ చేసుడు నాతోని కాదు," అన్నారు. హెచ్‌ఆర్‌కు కూడా అప్పటికే చెప్పేశారట. నాకు ఒళ్లు మండింది.

నజ్నీన్ మాత్రం కంప్యూటర్ ఆయన వైపు తిప్పి నెమ్మదిగా అంది: "సార్, ఇంకా ఏం తియ్యలే. మీ అప్రూవల్ కోసమే ఆగింది."

ఆయన తెర మీద ఉన్నది చదువుకున్నారు. క్షమాపణ వస్తుందేమోనని ఎదురుచూశాను. ఆ వయసులోనూ నాకు ఆశ చావలేదు.

"అంటే పాతది ఉండంగనే ఇన్ని తిప్పలా? మరి ఇన్ని దినాలు దాన్ని ఎందుకుంచిన్రు?" అని మమ్మల్నే గద్దించి, అక్కడికక్కడే ఆమోదం నొక్కారు.

గాజుల తారుమారు గోడౌన్‌లో జరిగిందని, సైటు నెమ్మదించింది ఆఫీసు ఇంటర్నెట్ వల్లనని తర్వాత తేలింది. ఆ సంగతి ఆయనకు ఎవరమూ చెప్పలేదు. అదే పూట ఆయన హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి నజ్నీన్‌ను కన్ఫర్మ్ చేయమన్నారు. "నేను జెప్పంగనే తీసేసింది. మాటినే పిల్ల," అనడం నా చెవులతో విన్నాను.

కోడ్ చచ్చిందని నిరూపించడం ఇంజనీరు పని. తీసేయడానికి కారణం మాత్రం రాసినవారికే దొరకాలి. అది తప్పుడు కారణమైతే సరిదిద్దకూడదు.