గీత అవతల సమాధి

నేను తయారు చేసిన పటంలో తప్పుండాలని దేవుడికి మొక్కుకున్నాను. నా ఉద్యోగంలో ఉన్నవాళ్లు మొక్కాల్సిన మొక్కు కాదది.

భూముల రీసర్వేలో నా పని కర్నూలులో కూర్చుని, పాత గ్రామపటాలను కంప్యూటర్లో డ్రోన్ ఫొటోల మీద సరిగ్గా కూర్చోబెట్టడం. మంత్రాలయం వైపు పల్లె ఒకదానిలో ఒక పెద్దావిడ భర్తను తన చేలోనే, గట్టు పక్కన సమాధి చేసుకుంది. దాని మీద తెల్ల సిలువ ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. నా పటంలో ఆ సిలువ పక్క రైతు పొలంలో పడింది. సోమవారం కొత్త గీత ప్రకారం హద్దురాళ్లు పాతేస్తారు. ఆ సంగతి తెలిసి ఆవిడ ఆఫీసుకొచ్చి నా ఎదుట కూర్చుంది.

"మా ఇంటాయన యాడికీ పోలేదమ్మా. పెట్టిన కాడ్నే ఉండాడు. మీ గీతే జరిగింది."

ఆవిడను పంపించి, పటాన్ని మొదట్నుంచీ మళ్లీ చూడసాగాను. మా జిల్లాకొక తలనొప్పి ఉంది. పటాల లెక్కలో భూమిని నిలువు పట్టీలుగా విడగొడతారు. రెండు పట్టీల హద్దు మా కర్నూలు పక్కనుంచే పోతుంది. ఒకదాని బదులు ఇంకోటి ఎంచుకుంటే ఊరు ఊరంతా వెళ్లి బంగాళాఖాతంలో పడుతుంది. ముందు అదే చూశాను. పడలేదు. పడి ఉంటే హాయిగా ఉండేది, క్షణంలో సరిచేసేదాన్ని. పాత బొమ్మేదైనా మెమరీలో ఉండిపోయిందేమోనని అంతా మూసి, కొత్త ఫైలులో మళ్లీ తెరిచాను. సిలువ అవతలే ఉంది. కింద మాత్రం 'లోపం సున్నా' అని చూపిస్తోంది. ఆ సున్నాను చూస్తే ఒళ్లు మండింది.

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. తెల్లారి బస్సులో పోతుంటే తట్టింది. పటాన్ని కూర్చోబెట్టింది మూడు సర్వే రాళ్ల ఆధారంతో. మూడే ఇస్తే సాఫ్ట్‌వేర్ పటాన్ని ఎటు సాగదీసైనా వాటికి తగిలించేస్తుంది. ఒక రాయి తప్పుచోట ఉన్నా సున్నానే అంటుంది.

వెంటనే కొలిచే పరికరం తీసుకుని ఆ పల్లెకు పోయాను. ఆవిడ చేను దగ్గరి రాయికి పసుపు, కుంకుమ, పూలదండ. సర్వే రాయికి మొక్కడం మా వైపు మామూలే. కానీ దీని కింద నున్నటి సిమెంటు అరుగు ఉంది. పక్క రైతును అడిగాను. ఆయన గర్వంగా చెప్పాడు.

"రోడ్డోళ్లు పీకి పారేస్తాంటే నేనే అడ్డం పడితిని మేడం. పూజ చేసి, మర్యాదగా ఈడికి తెచ్చి నిలబెట్టినా."

రాయి ముందుండిన చోటు కూడా చూపించాడు. అక్కడికీ ఇక్కడికీ పదడుగుల పైనే ఉంటుంది. ఆ మాటతో ఏం పోగొట్టుకుంటున్నాడో ఆయనకు తెలియదు. తెలిస్తే మాట మారుస్తాడేమోనని భయపడి, నోరు మూసుకుని ఊరి చుట్టూ తిరిగి మరికొన్ని రాళ్లు కొలిచాను. ఆ అరుగు మీది రాయిని వదిలేస్తే మిగతావన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. లోపం ఈసారి సున్నా కాదు, బొటనవేలంత, నిజంగా కొలిస్తే వచ్చేంత. దాన్ని చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. సిలువ గీతకు ఇవతలికొచ్చింది.

ఇద్దరినీ పిలిచి ట్యాబ్ తెర మీద చూపించాను. పక్క రైతు తన వైపు తగ్గిన ముక్కను వంగి చూశాడు. చివరికి, పొలం సంగతి సరే గానీ దేవుణ్ణి మాత్రం కదిలించనన్నాడు. అక్కర్లేదన్నాను.

పెద్దావిడ తెర మీది సిలువను వేలితో తాకింది. తాకగానే బొమ్మ పక్కకు జరిగింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. దాన్ని మళ్లీ మధ్యకు తెచ్చి, గీత మారలేదని చూపించాను.

"మళ్ల ఎప్పుడన్నా జరిగితే నాకెట్ల తెలుస్తాదమ్మా?"

జరగదని చెప్పాను. ఇప్పుడు రోజూ ఆఫీసుకు రాగానే మొదట ఆ ఊరి పటమే తెరిచి చూస్తున్నాను.