డబ్బాలో దాచిన గోలీలు

మా ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గినా, మిగిలిన గోలీలను నేను పారేసేదాన్ని కాదు. పాత బిస్కెట్ డబ్బాలో దాచేదాన్ని. చదువు నాలుగో తరగతితోనే ఆగింది గాని, ఏ గోలీ ఎందుకు ఇచ్చారో రంగు చూసి చెప్పేసేదాన్ని. వాడకట్టు ఆడవాళ్ళు పెరుగు తోడుకు వచ్చినట్టే వచ్చేవారు. "అక్కా, గా ఎర్ర గోలీ ఒకటియ్యవా, జర ఒళ్ళు కాలుతాంది." గిన్నెలో ఇంత తోడు, కాగితంలో రెండు గోలీలు. లేదనకుండా ఇవ్వడం నాకు గొప్పగా ఉండేది.

తెలంగాణ వచ్చాక మూడో వానాకాలం అనుకుంటా, మా తోటికోడలికి జ్వరం పట్టుకుంది. నాకంటే చిన్నది, ఉండేది పక్కింట్లోనే. ఊళ్ళోని ఆర్‌ఎంపీ వారం రోజులకు గోలీలు ఇచ్చాడు. మూడో రోజుకే ఒళ్ళు చల్లబడింది.

"ఇగ చాలు తియ్యి, కడుపుల మంట లేస్తది" అని మిగిలినవి తెచ్చి డబ్బాలో వేశాను. పదిరోజులకు మళ్ళీ జ్వరం వచ్చింది. అవే రెండు రోజులు ఇస్తే దిగింది. మళ్ళీ ఎక్కింది. ఇంకో రంగువి ఇచ్చాను. ఈసారి దిగనే లేదు.

నల్లగొండ దవాఖానలో చేర్చేసరికి పెదవులు పేలిపోయి, మాట ముద్దగా వస్తోంది. డాక్టరమ్మ నెత్తురు తీయించి, "ఇంతకుముందు ఏమేం మందులు వాడిండ్రు?" అని అడిగింది.

"గోలీలే అమ్మా, గంతే" అన్నాడు మా మరిది, నా వైపు చూస్తూ.

"గంతే అంటే ఏవి? ఎన్ని?"

నేను తల వంచుకున్నాను. చెబితే వార్డంతా వింటుంది. అప్పుడు మంచం మీదనుంచి మా తోటికోడలు కళ్ళు తెరవకుండానే అంది: "అక్కకు ఎరుకే. అక్క ఏది మరువది."

నన్ను నమ్మే ఆ మాట అంది.

చెప్పాను. ఏ రోజు, ఏ రంగు, ఎన్ని, ఎక్కడ ఆపామో, అన్నీ. డాక్టరమ్మ రాస్తూ రాస్తూ ఆగింది.

"మీది పత్తి చేనా?"

"అవునమ్మా."

"గులాబీ పురుగుకు మందు సగం కొట్టి ఇడిశిపెడితే ఏమైతది?"

"మొండియి మిగుల్తయి. వాటి పిల్లలు గా మందుకు చావయి."

"రోగం క్రిములు గూడ గంతే. చావకుండ బతికే గుణం పిల్లలకు ఇస్తయి. పక్కనున్న వేరే క్రిములకు గూడ ఇస్తయి."

పక్కవాటికి కూడా అనగానే నాకు తోడు గిన్నె కళ్ళముందు మెదిలింది.

నెత్తురులోని క్రిమిని పెంచి, ఒక్కో మందు పెట్టి, దేనికి చస్తుందో చూస్తారట. మూడు రోజులు పడుతుందన్నారు. ఆ మూడు రోజులూ తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. మరిది నాతో మాట్లాడలేదు. తోటికోడలే ఒకసారి, "అక్కా, నీ డబ్బ తెచ్చినవా?" అని నవ్వబోయింది. దగ్గు అడ్డొచ్చింది. ఆ క్రిమి దేనికీ చావదంటే? ఆ మాట పైకి అనడానికి కూడా భయమేసింది.

రిపోర్టు వచ్చింది. ఆర్‌ఎంపీ ఇచ్చింది, నేనిచ్చింది, ఏదీ పనిచెయ్యదట. పనిచేసే మందులు రెండే మిగిలాయి, అందులో ఒకటి సూది. సూదులు మొదలుపెట్టిన ఐదో రోజుకు నుదురు చల్లగా తగిలింది. నమ్మకం కుదరక మెడ కింద చెయ్యి పెట్టి చూశాను.

"జరం పోయింది గద అక్కా. ఇగ సూదులు చాలు, ఇంటికి పోదాం."

"నోర్ముయ్యి. డాక్టరమ్మ చెప్పినన్ని రోజులు ఈడనే."

ఇంటికొచ్చిన మర్నాడే ఎదురింటామె ఎర్ర గోలీకి వచ్చింది. లేదన్నాను. "ఓహో, నల్లగొండ పోయొచ్చి పెద్ద డాక్టరైనవు తియ్యి" అని మూతి తిప్పుకుని పోయింది.

ఆమె మాటలకన్నా నన్ను బాధించింది వేరే. తోటికోడలు వదిలేసిన గోలీల్లోంచి ఈమె ఇంటికి రెండు, మూలింటికి రెండు, బడి పక్కింటికి ఒకటి అంతకుముందే ఇచ్చాను. నేను ఏదీ మరువను కదా. ఇప్పటికీ వాన పడ్డప్పుడల్లా, మా ఇంట్లో పెరుగున్నా సరే, గిన్నె పట్టుకుని తోడు కోసమన్నట్టు ఆ మూడిళ్ళకూ వెళ్తాను. గడపలో నిలబడి, లోపల ఎవరైనా జ్వరంతో పడుకుని ఉన్నారేమోనని చూసి వస్తాను.