ఖాళీ వలతో వచ్చిన గోల్‌కీపర్

మా పక్కింటి సుగుణ బెంగళూరులో ఒక మహిళల ఫుట్‌బాల్ క్లబ్బుకు గోల్‌కీపర్. జీతానికి ఆడుతుంది. ఈ సీజన్ అంతా ఆ క్లబ్బు ఓడుతూనే వచ్చింది. మొన్న ఆఖరి మ్యాచ్‌లో బంతి సుగుణ చేతుల్లోంచి జారి గోల్లో పడింది. దాంతో క్లబ్బు కింది లీగ్‌కు దిగిపోయింది. మా చేపల రేవులో అందరం ఫోన్లలో చూశాం.

ఈ రోజు పొద్దున ఆ అమ్మాయి గూడూరులో రైలు దిగి బస్సులో ఊరికి వచ్చింది. బస్సు దగ్గరికి ఎదురెళ్ళిన వాళ్ళమ్మ రమణమ్మ పిన్ని వెంట ఉంది. రేవులో వల బాగుచేసుకుంటున్న నేను ఊరుకోలేక, "ఏం సుగుణా, ఆ ఆఖరి గోలు..." అని మొదలుపెట్టాను.

పిన్ని అడ్డుపడింది. "ఇప్పుడేం అడగబాకు నాయనా. ఖాళీ వలతో ఒడ్డుకొచ్చినోళ్ళని ఏనాడన్నా అడిగినామా?"

నిజమే. వేటలో చేపలు దొరకని పడవ వస్తే మా ఊళ్ళో ఎవరూ ఏమీ అడగరు. పడవను ఒడ్డుకు లాగడానికి తలో చెయ్యి వేస్తారు, అంతే. నేను లేచి సుగుణ బ్యాగు భుజాన వేసుకుని ఇంటిదాకా మోశాను.

సాయంత్రం సుగుణే వచ్చి, ఇంకా వల బాగుచేస్తున్న నా పక్కన ఇసుకలో కూర్చుంది.

"బంతి చేతికి తగిలిందన్నా," అంది. "పట్టుకోవాల్సిందే."

మొన్న ఫోన్ ముందు "పట్టుకో, పట్టుకో" అని ఊరంతా వినపడేలా అరిచింది నేనే. ఇప్పుడు వల రెండో కొస ఆమె చేతికిచ్చాను. మీరైతే ఏమనేవాళ్ళు?