పిట్టల్ని తోలిన పిల్ల

కొల్లేటి ఒడ్డున పక్షుల పండగ చేస్తున్నారనీ, పిల్లల్ని తీసుకురమ్మన్నారనీ మావాడు స్కూలు నుంచి వచ్చి చెప్పాడు. మా చెల్లెలి కూతురు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "పక్షులకి పండగేంటి పెద్దమ్మా? వాటికి రోజూ పండగే కదా" అంది.

మా ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఎవరూ అడక్కుండా తనంతట తను అన్న మొదటి మాట అది. అంతే, వెళ్తున్నామని అక్కడికక్కడే తేల్చేశాను. ఆదివారం పూట కూరలెవరు తెస్తారని మా ఆయన ఏదో గొణిగారు గానీ నేను వినిపించుకోలేదు.

ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసి అప్పటికి ఏడాది దాటింది. సరస్సు సరస్సులా ఉండాలి, కొట్టడం న్యాయమేనని నేను అప్పుడూ వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను. కాకపోతే న్యాయం జరిగిన ఇళ్ళలో మర్నాడు పొయ్యి వెలిగిందో లేదో ఎవరూ వెళ్ళి చూడరు. మా చెల్లెలి ఇల్లు అలాంటి ఇల్లు. మేమిద్దరం తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు పక్క వీధిలో పెరిగినవాళ్ళం, ఆ ఘాటు ఇద్దరి నోళ్ళలోనూ ఉంది. నేను ఏలూరు వచ్చిపడ్డాను. అది కొల్లేటి లంక గ్రామంలో కాపురానికి వెళ్ళింది. వాళ్ళకున్నది ఒక్క చెరువు. గట్టు మీద పాక వేసుకుని ఆ చేపల మీదే బతికారు.

చేపలకి మనుషుల కంటే పెద్ద శత్రువు గూడకొంగ. ముక్కు కింద సంచీ వేలాడుతుంటుంది దానికి. కాలవలో నీళ్ళు చేలోకి తోడే గూడ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే నీళ్ళతో సహా చేపల్ని తోడేస్తుంది. అందుకే ఆ పేరు. బళ్ళో వేసిన దగ్గర్నుంచీ ఈ పిల్లకి పని ఒకటే. బడి నుంచి రాగానే ఖాళీ డబ్బా ఒకటి పట్టుకుని గట్టు మీద తిరుగుతూ, దాన్ని వాయిస్తూ, కేకలేసి కొంగల్ని తోలడం. వాళ్ళ నాన్న దాన్ని "మా వాచ్‌మన్ గారు" అనేవాడు.

చెరువు పోయింది. మా మరిది వేరేవాళ్ళ చేపల లారీ మీద పనికి కుదిరాడు. ఆ లంకలో అయిదో క్లాసు దాటితే బడి లేదు, పిల్లకి లెక్కలు బాగా వచ్చు. నా దగ్గర పెట్టండి, ఆరో క్లాసులో చేరుస్తాను అని నేనే పోట్లాడి తెచ్చుకున్నాను. తెచ్చుకోవడమైతే తెచ్చుకున్నాను గానీ పిల్ల పెట్టింది తినేది కాదు, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. సాయంత్రం డాబా ఎక్కి, కొల్లేరు ఉన్న దక్షిణం వైపు చూస్తూ కూర్చునేది. "ఏడుస్తోందా అక్కా?" అని చెల్లెలు ఫోనులో అడిగేది. "ఏడిస్తే బాగుణ్ణే, ఏం చెయ్యాలో నాకు తెలిసేది" అనేదాన్ని. నా నోటికి భయపడే పిల్ల మాట్లాడటం లేదని మా ఆయన అభిప్రాయం.

చివరికి మా మరిది ఫోను చేశాడు. "ఆదివారం ఆ పండగ దగ్గరికి నేనూ వత్తానండీ వదినగారూ. ఉంటానంటే ఉంచండి. లేదంటే అట్నుంచటే ఇంటికి తీసుకుపోతాను. పిల్లని బాధపెట్టి ఏం చదివిత్తామండీ?"

"తీసుకుపోయి ఏం చేయిస్తారు మరిదిగారూ, చేపలకి లెక్కలు చెప్పిస్తారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. పిల్ల వెళ్ళిపోతుందని నాకు అప్పుడే అర్థమైపోయింది. ఆ రాత్రి దాని గౌనుకి ఊడిపోయిన గుండీ కుడుతూ, ఈ గుండీ ఎవరింటి కోసం కుడుతున్నానో అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే, మంచు విడవకముందే, పులిహోర డబ్బాల్లో సర్దుకుని పిల్లలిద్దరితో బస్సెక్కాను. ఒడ్డున షామియానా, కుర్చీలు, కాగితం ముక్కులు తగిలించుకుని తిరిగే పిల్లలు. మైకులో ఎవరో పెద్దాయన, పక్షుల దగ్గర నిశ్శబ్దం పాటించాలని ఊరంతా వినపడేలా అరుస్తున్నారు. మావాడు బైనాక్యులర్స్ తిరగేసి పట్టుకుని, "అమ్మా, పక్షులు ఇంకా దూరం వెళ్ళిపోయాయి" అన్నాడు. మా చెల్లెలి కూతురు వాటిని తీసుకుని సరిగ్గా తిప్పి ఇచ్చింది. తను మాత్రం చూడలేదు. దానికి అవి కొత్తా?

వాచ్ టవర్ ఎక్కడానికి పిల్లలందర్నీ నీళ్ళ పక్కన వరసలో నిలబెట్టారు. సరిగ్గా అప్పుడే మైకు ఆగింది. పైనుంచి గూడకొంగల గుంపు ఒకటి తిరుగుతూ తిరుగుతూ వచ్చి, మా ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో వాలింది. ఒక్కొక్కటీ నీళ్ళ మీద జారుకుంటూ ఆగుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఎవరో కెమెరా తీస్తున్నారు. వాటిలో ఒకటి మెడ చాచి, నీళ్ళలో ముక్కు ముంచింది.

"హో...య్! హో...హో...య్!"

నా పక్కనే. ఆ గొంతు అంత సన్నటి పిల్లలోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. చేతిలో ఉన్న పులిహోర డబ్బాని అరచేత్తో దబదబా వాయిస్తూ నీళ్ళ దాకా పరిగెత్తింది. ఒక్క ఊపున కొంగలన్నీ లేచాయి. రెక్కల గాలి మా మొహాలకి తగిలింది. ఆకాశం కాసేపు తెల్లగా అయిపోయింది.

ఆ తర్వాత అందరూ దాని వైపు తిరిగారు. అప్పుడు దానికి తెలివొచ్చింది. డబ్బా గుండెలకి కరుచుకుని బిగుసుకుపోయింది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఎవరండీ ఈ పిల్ల? ఏ స్కూలు? పక్షుల పండగకొచ్చి పక్షుల్ని తోలడమేంటండీ, బొత్తిగా బుద్ధి లేకుండా!" అన్నారు.

"మా పిల్లేనండీ" అన్నాను. "పొద్దుట్నుంచీ మీ మైకు చేసిన గోలకి అవి చెవుల్లో దూది పెట్టుకున్నాయాండీ? ఇందాకటిదాకా ఈ పిల్లలు చూసింది నల్లటి చుక్కల్ని. రెక్కలు చూసింది ఇప్పుడే. మీరు ముందు ఆ టోపీ సరి చేసుకోండి, గాలికి పోయేలా ఉంది."

ఆయన నిజంగానే టోపీ పట్టుకుని వెళ్ళిపోయారు. వరసలో వెనక ఉన్న పిల్లాడొకడు, "అక్కా, ఇంకోసారి తోలవా?" అని అడిగాడు. అది తల ఎత్తలేదు.

ఆ కేక వల్లే మా మరిది మాకు దొరికాడు. జనంలో మమ్మల్ని వెతుక్కుంటున్నాడట, వినగానే పోల్చుకున్నాడు. పరిగెత్తుకొచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవరి చేపలే అమ్మడూ అవి?" అన్నాడు నవ్వబోతూ.

"నీవే అనుకున్నా నాన్నా. మర్చిపోయా" అంది. తర్వాత, ఎన్నాళ్ళనుంచో లోపల దాచుకున్నది, మామూలుగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "చెరువు లేదుగా. పిట్టల్ని తోలే పని లేదనేగా నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపించేసేరు."

"అదేంటే... అలా ఎవరన్నారే..." అని మా మరిది దాని గౌను అంచు పట్టుకున్నాడు. చదువు గురించి, ఆరో క్లాసు గురించి, దాని తెలివి గురించి మేం పెద్దవాళ్ళం ఎన్ని మాట్లాడుకున్నామో. దానికి తెలిసిందల్లా, ఉద్యోగం పోయింది, ఇల్లు దాటించారు. పెద్దవాళ్ళకి జరిగేది అదేగా, తనకీ జరిగిందనుకుంది.

నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా ఉంటే కోపం వస్తుంది. "ఎవరే నిన్ను పని లేదని పంపింది?" అన్నాను గట్టిగా. "నా డాబా మీద కాకుల్ని ఎవరు తోలతారు? గుమ్మడి వడియాలు పెడదామంటే సగం వాటికే పోతున్నాయి. మీ తమ్ముణ్ణి కాపలా పెడితే కర్ర పట్టుకుని నిద్రపోతాడు. కాపలాకి మనిషి కావాలనేగా నిన్ను తెచ్చుకుంది!"

మావాడు "నేనెప్పుడు..." అనబోతే జబ్బ మీద గిల్లాను.

పిల్ల నా వైపు తిరిగింది. "ఈ మంచులో వడియాలు ఎండవు కదా పెద్దమ్మా?" అంది.

లెక్కలు వచ్చిన పిల్లతో ఇదే తంటా.

"ఎండవు కాబట్టే ఎక్కువ రోజులు కాపలా కాయాలి" అన్నాను.

నా మాట నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఒక పెద్ద మనిషి తనకోసం ఇంత అబద్ధం ఆడుతోందే అనుకుందో ఏమో, "రోజూనా?" అని అడిగింది.

"రోజూ. బడికెళ్ళే ముందు."

"మరి డబ్బా?"

మా మరిది మొహం తుడుచుకుని లేచాడు. "నీ పాత డబ్బా నేను పంపిత్తాలేమ్మా" అన్నాడు. నలుగురం అక్కడే గడ్డి మీద కూర్చుని పులిహోర తిన్నాం. సొట్టపడిన ఆ డబ్బా మూత రాలేదు. మా మరిది నేలకేసి కొట్టి తీశాడు. పిల్ల మొత్తం తిని, మావాడి దాంట్లోది కూడా తీసుకుంది. కొంగలు మళ్ళీ వచ్చి వాలాయి. ఈసారి చూసి ఊరుకుంది. సాయంత్రం వాళ్ళ నాన్న బస్సెక్కి వెళ్ళిపోతుంటే చెయ్యి ఊపింది.

ఆడిన మాట నిలబెట్టుకోవాలి కదా. ఆ చలికాలమంతా వడియాలు పెట్టాను. పదింటిదాకా సూర్యుడి జాడ లేదు, సగం బూజు పట్టాయి, మిగిలినవి అన్ని పూటలా తిన్నాం. "కాకుల కోసం వడియాలా, వడియాల కోసం కాకులా?" అని మా ఆయన ఒకరోజు కంచం ముందు అడిగి ఊరుకున్నారు. పక్కింటావిడ మాత్రం ఊరుకోలేదు. ఓ పొద్దున్న గోడ మీంచి తొంగిచూసి, "ఏవండీ, రోజూ తెల్లారకుండా ఎవరండీ ఆ కేకలు? మన పవరుపేటంతా లేచిపోతోంది" అన్నారు.

పైన డాబా మీద డబ్బా మోగింది. హో...య్!

"మా అమ్మాయండీ" అన్నాను. "డ్యూటీలో ఉంది."