బట్టీల వీధికి, రత్నను ఒక్క మాట అడగడానికి

అనంతపురం పాతూరులో ఒక ఇంటి గడప తొక్కకూడదని ఎనిమిది నెలలు పట్టుబట్టి కూర్చున్నాను. పోయిన గురువారం నేనే లేచి వెళ్ళాను. నేను పుట్టి పెరిగింది ఆ ఇల్లున్న బట్టీల వీధిలోనే. పద్దెనిమిదో ఏట పెళ్ళి చేసి కణేకల్ పంపించారు. నా ఒక్కగానొక్క కూతురు శైలజ డిగ్రీ చదువుకని అనంతపురం వచ్చి, నా చిన్ననాటి స్నేహితురాలు రత్న ఇంట్లో నాలుగేళ్ళు ఉంది. పోయిన వానాకాలం జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయింది. ఆ పొద్దున నేను బస్సులో ఉన్నాను. బిడ్డ చెయ్యి పట్టుకుని కూర్చుంది రత్న. మట్టి చేసిన రోజు కణేకల్ వచ్చి దూరంగా నిలబడి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. కర్మకూ రాలేదు. శైలు ఆఖరి గడియలో నన్ను అడిగిందా లేదా, ఈ ఒక్క మాట రత్న నోటితో వినాలి, శైలు పెట్టె తెచ్చుకోవాలి, ఆ ఇంటితో రుణం అంతటితో తీరిపోవాలి. అందుకే బయలుదేరాను.

కణేకల్‌లో ఉదయం ఆరు గంటలకు ఉరవకొండ మీదుగా పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఇప్పుడు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోకండి, దోవ పొడుగునా ఎండ మొహం మీదనే పడుతుంది. ఉరవకొండలో పది నిమిషాలు ఆపుతారు, టీ తాగొచ్చు. అక్కడి నుంచి అంతా ఎర్ర నేలలు, దున్నకుండా పడి ఉన్న చేలు, దూరంగా గాలి మరలు. కూడేరు వచ్చేసరికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. శైలు పోయిందని ఆ రోజు ఫోన్ వచ్చింది అక్కడే. కండక్టరు చూసి, "ఏమ్మా, కడుపులో తిప్పుతాందా? ముందర సీటుకు రా" అన్నాడు. "ఏం లేదు నాయనా, ఎండ" అన్నాను. తొమ్మిది దాటాక అనంతపురం బస్టాండులో దిగాను.

అక్కడి నుంచి పాతూరుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. "యాడికక్కా?" అన్నాడు ఆటో అతను. బట్టీల వీధి అన్నాను. "ఆ సందులోకి ఆటో దూరదక్కా. మలుపు కాడ దింపుతా."

"నాకే చెప్తాండావా అప్పా? నేను ఆడ పెరిగినదాన్ని. ఎద్దుల బండ్లే దూరుతాండె."

"అప్పుడు ఇండ్ల ముందర ఇన్ని బైకులు లేవులేక్కా. ఎద్దుల బండి తెచ్చుకో, తోలుతా" అని నవ్వాడు. కొత్తగా వెళ్ళేవాళ్ళు నాలాగా వాదించకుండా మలుపు దగ్గరే దిగి నడవండి. నాలుగు అడుగులే.

ఆ వీధికి ఆ పేరు బొరుగుల బట్టీల వల్ల వచ్చింది. నా చిన్నప్పుడు ఆరు బట్టీలు ఉండేవి, ఇప్పుడు రెండే, ఒకటి రత్నది. పెద్ద ఇనుప బాణలిలో ఇసుక కాగుతుంటుంది. ఉప్పు నీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యం అందులో పోసి పొడుగు గరిటెతో తిప్పితే, చిటపటమని లేచి క్షణంలో తెల్లగా పూస్తాయి. జల్లెడ పడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. పొయ్యిలోకి శెనక్కాయ పొట్టు. ఆ పొగ వాసన వీధి మలుపులోనే తగిలింది, నా కాళ్ళు వాటంతట అవే తొందరపడ్డాయి. మా నాయన ఆ బట్టీల్లోనే గరిటె తిప్పేవాడు. రత్నా నేనూ బడి నుంచి వచ్చి పావడాలు చాపి నిలబడితే వేడి వేడి బొరుగులు దోసిళ్ళతో పోసేవాడు, ఒళ్ళో కాలుతుంటే ఎగురుకుంటూ తినేవాళ్ళం. నాలుగు రోజులకొకసారి కొళాయి వచ్చేది. బిందెల వరసలో రత్న నా బిందె కాపాడేది, నేను దాని తరఫున జగడం పెట్టుకునేదాన్ని. ఎండాకాలం పిల్లలమంతా మిద్దెల మీదనే పడక. ఒక మిద్దె మీద నుంచి ఇంకో మిద్దె మీదికి అడుగేసి వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నేల తొక్కకుండా పోయేవాళ్ళం.

ఆ మిద్దెలు చూస్తుంటే సంతోషం కన్నా ముందు కుళ్ళే పుట్టుకొచ్చింది, నిజమే చెబుతున్నాను. రత్నకు మేనమామ కొడుకుతోనే పెళ్ళయింది. కాపురానికి ఎనిమిది ఇళ్ళ అవతలికి పోయింది, అంతే! వీధి మొత్తం దానికే మిగిలింది. నాకు కాలువ కింద మడిచెక్క, వరి నాట్లు. దానికి పిల్లలు లేరని నేను ఎంత బాధపడ్డానో, నా బిడ్డను దాని ఇంట్లో పెట్టాక అంత మండిపోయాను. శైలు ఫోన్ చేసి, "అమ్మా, మా వీధిలో ఈ రోజు ఏం జరిగిందో తెలుసా" అనేది. మా వీధి అంట! అది నా వీధే పిల్లా అని అరవాలనిపించేది. సెలవులకు వస్తే నేను చేసిన ఉగ్గాని ఒక ముద్ద తిని, "బొరుగులు మరీ నానబెడతావు, రత్న పెద్దమ్మ అట్లా చెయ్యదు" అనేది. బొరుగుల బట్టీ మనిషి కూతురికి ఉగ్గాని చెయ్యడం రాదని నా కడుపున పుట్టిందే చెప్పింది.

మలుపులో మాబున్నీ బండి ఇంకా ఉంది. నాకు పదేళ్ళున్నప్పటి నుంచి ఆమె ఉగ్గాని, బజ్జీలు అమ్ముతోంది. ప్లేటు నలభై రూపాయలు, రెండు మిరపకాయ బజ్జీలతో. పది తర్వాత వెళితే ఉండవు. నన్ను చూసి గరిటె కింద పెట్టింది. "ఏమ్మే సరోజా, ఇప్పటికి దోవ తెలిసిందా నీకు?" అంది. పక్కన కూర్చోబెట్టుకుని కాసేపు ఏడ్చింది, నన్నూ ఏడవనిచ్చింది. తర్వాత ప్లేటు చేతికిచ్చి, "రత్నను సూసినావా? సగం మనిషి అయిపోయింది. మీ పాప పోయినప్పుడు మూడు దినాలు బట్టీ ముట్టించలే. ఇంట్లో పొయ్యి కూడా ముట్టించలే. నాలుగో దినం నీళ్ళ కాడ కండ్లు తిరిగి పడింది. అప్పుడు తెలిసింది మాకు, అది ఏమీ తినలేదని" అంది.

మా వైపు చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగు, చుట్టాలు బువ్వ వండి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపిస్తారు. నాకు అట్లాగే తినిపించారు. "ఆమెకు ఎవరూ తీసుకుపోలేదా?" అని అడిగాను.

"ఎవురు తెస్తారమ్మే? సావు మీ ఇంట్లో కదా. ఆడ పొయ్యి సల్లగా ఉండాదని ఎవురనుకుంటారు?"

నాకు జాలి కలగాలి. ఒళ్ళు మండింది. బిడ్డను తీసుకుంది, నా వీధిని తీసుకుంది, ఇప్పుడు నా సూతకం కూడా దీనికే కావాల్సి వచ్చిందా? నేను ఆర్పుకోవాల్సిన పొయ్యి ఇది ఎందుకు ఆర్పుకోవాలి? ఉగ్గాని సగం వదిలేసి లేచాను.

రత్న బట్టీ ముందర, చెమటతో, చేతికి గుడ్డ చుట్టుకుని గరిటె తిప్పుతోంది. భర్త పోయినప్పటి నుంచి బట్టీ తానే చూసుకుంటోంది. నన్ను చూసి, బాణలిలో బొరుగులు మాడిపోతున్నా కదలలేదు. పలకరింపు కూడా లేకుండా నేనే మొదలుపెట్టాను. "ఏమే, నువ్వెవరు నా బిడ్డకు సూతకం పట్టేదానికి? మా ఇంటికి వచ్చి ఒక్క మాట మాట్లాడనిదానివి, ఈడ పొయ్యి ఆర్పుకుంటివంట!"

రత్న నన్ను బట్టీ వెనక ఇంట్లోకి తీసుకుపోయింది. శైలు పెట్టె మంచం కింద నుంచి లాగి నా ముందర పెట్టింది. "అన్నీ ఉండాయి సరో. ఒక్క పిన్నీసు కూడా తీయలే. తీసుకుపో" అంది. నేను పెట్టె ముట్టుకోలేదు. "నాకు ఒక్క మాట చెప్పు. నన్ను అడిగిందా, లేదా?"

రత్న చేతి గుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకుంది. "అడిగింది. కండ్లు తెరవలే. నా చెయ్యి తడిమి, 'అమ్మా, వచ్చినావా' అనింది. నువ్వు ఇంకా ఉరవకొండ కాడ ఉండావని నాకు తెలుసు. 'వచ్చినా తల్లీ, ఈడనే ఉండా' అని చెప్పినా. నీ మాదిరి చెప్పినా సరో. అప్పుడు మొహం నిమ్మళమైపోయింది. ఇంకేమీ అడగలే." గోడకు ఆనుకుని కూలబడింది. "నీకు రావాల్సిన మాట నేను ఎత్తుకుంటి. ఇంక నీ మొహం ఎట్లా సూసేది? అమ్మనని చెప్పినంక నాకు సూతకం పట్టదా, నువ్వే చెప్పు."

దాన్ని కొట్టాలనిపించింది. ఆ మాట నాది. బిడ్డను కని పెంచింది ఆఖరున ఆ ఒక్క మాటకు పలకడానికే అనిపించింది ఆ క్షణంలో. లేచి వంటింట్లోకి పోయాను. డబ్బాలు వెతికి బియ్యం, కందిబేడలు తీశాను. ఒక్కదాన్నే ఉంటాను కదా అన్నట్టు అన్నీ చిన్న చిన్న డబ్బాలు. అన్నం వార్చి, టమేటా పప్పు చేసి, రత్న ముందర కూర్చుని కలిపి ముద్ద దాని నోటి దగ్గర పెట్టాను. "ఇప్పుడెందుకే" అంది. "ఎనిమిది నెలలు ఆలస్యమైంది. తిను" అన్నాను. నమిలి మింగి, కళ్ళు తుడుచుకుంటూ, "ఉప్పు ఎక్కువ ఏసినావు" అంది. "నోరు మూసుకుని తిను" అన్నాను. ఇద్దరికీ నవ్వు వచ్చింది, అది నవ్వుగా ఎక్కువసేపు నిలవలేదు.

రెండున్నరకు పెట్టె నేనే ఎత్తుకున్నాను, రత్న పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరాను. కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఇరవై రెండేళ్ళు నా బిడ్డ నాకు చెప్పిన మాటలన్నీ ఒక పక్క పెట్టి, ఆ ఒక్క మాట రత్న ఒళ్ళో పడిందే అని ఈ రోజుకీ మండుతూనే ఉంది. కానీ రత్న నిజం చెప్పి ఉంటే? మీ అమ్మ ఇంకా రాలేదు తల్లీ అని ఉంటే? నేను బస్సులో ఉండగానే నా బిడ్డ దృష్టిలో నేను చేరిపోయాను. నన్ను చేర్చింది నేను ఇన్నాళ్ళు చూసి కుళ్ళుకున్న ఆ స్నేహితురాలే. పిల్లలు లేని అది నన్ను చూసి ఎంత కుళ్ళిందో, నేను దాన్ని చూసి ఎంత కుళ్ళానో, ఇంక తేల్చలేను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పరాయి ఊరిలో చదువుకుంటూ ఎవరి బిడ్డయినా పోతే, కన్నవాళ్ళ ఇంటికి మీరు ఎలాగూ వెళతారు. ఆ బిడ్డ రోజూ అన్నం తిన్న ఇల్లు ఎక్కడుందో కూడా కనుక్కోండి. మూడు రోజుల లోపల ఒక క్యారియర్ నిండా బువ్వ పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. అక్కడ పొయ్యి వెలిగిందో లేదో బయట నుంచి తెలియదు.