పన్నునొప్పి పుణ్యమా అని

మా టీము ఒక సాఫ్ట్‌వేరు రిలీజు పూర్తిచేసిందంటే ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనం బయటే. మాదాపూర్‌లో మా ఆఫీసుకు ఎదురుగా ఒక రెస్టారెంటు ఉంది. పదకొండు మందిమి పొడుగాటి బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. టీము లీడుని కాబట్టి వెయిటరు ముందుగా నా దగ్గరికే వచ్చి నిలబడేవాడు. నేను బీరు చెప్పేవాణ్ణి. అక్కణ్ణుంచి బల్ల చుట్టూ ఒకటే మాట వినిపించేది: "సేమ్."

అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. పైగా నా మీద నాకు మంచి అభిప్రాయమే ఉండేది. ఎవరినీ తాగమని బలవంతపెట్టే రకాన్ని కాదు. "ఎవరికేం కావాలో మొహమాటం లేకుండా చెప్పుకోండి" అని ప్రతిసారీ అనేవాణ్ణి. కాకపోతే, నా బీరు చెప్పేశాక అనేవాణ్ణి. పదేళ్ళుగా మనుషుల చేత పని చేయిస్తున్నవాడికి ఆ మాత్రం తెలియకపోవడమేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

సిద్దిపేట వైపు నుంచి ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒకడు కొత్తగా చేరాడు. ఆఫీసు దగ్గర్లోనే హాస్టల్లో ఉండేవాడు. వాళ్ళ నాన్న తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ గార్డు. ఆదివారం వచ్చిందంటే కొడుకు అక్కడికి వెళ్ళి, గేటు పక్క గదిలో తండ్రితో కలిసి అన్నం తినేవాడు. సోమవారం వచ్చి ఆ కబుర్లన్నీ మాకు చెప్పేవాడు. మొదటి శుక్రవారం వెయిటరు తనవైపు తిరగగానే అతను నా ముఖంలోకి చూశాడు. "సేమ్" అన్నాడు. ఫరవాలేదు, మనలో కలిసిపోయాడు అని సంతోషించాను.

ఆరు నెలలు తిరిగేసరికి సోమవారాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వచ్చినా తల పట్టుకుని కూర్చునేవాడు. ఆదివారం కబుర్లు ఆగిపోయాయి. హాస్టల్లో శని, ఆదివారాలు తాగుడు సాగుతోందని తోటివాళ్ళు నా చెవిన వేశారు. ఈ కాలం పిల్లలకు అదుపు లేదని విసుక్కున్నాను. పిలిచి గట్టిగా చీవాట్లు పెడదామని అనుకుంటూ ఉండగా నాకు పన్నునొప్పి వచ్చింది.

రూట్ కెనాల్ చేసిన డాక్టరమ్మ, "మందులు వాడినన్నాళ్ళూ బీరు ముట్టుకోకండి" అని మరీ మరీ చెప్పింది. ఆ వారమే రిలీజు. వెయిటరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను అందరికీ పన్ను సంగతి చెప్పి, ఏడుపు ముఖం పెట్టి "సాల్ట్ లైమ్ సోడా" అన్నాను.

పక్కనున్న అమ్మాయి "సేమ్" అంది. ఆ పక్కవాడూ "సేమ్" అన్నాడు. నాది కాక ఎనిమిది సోడాలు తేలాయి! బీరు చెప్పింది ఇద్దరే. వెయిటరు నమ్మలేక మళ్ళీ అడిగాడు. మా కుర్రాడు తన గ్లాసు గటగటా తాగేసి ఇంకొకటి తెప్పించుకున్నాడు.

తిరిగి ఆఫీసుకు నడుస్తుంటే అతను నా పక్కకొచ్చాడు.

"సార్, పన్ను తగ్గినంక గూడ గిదే చెప్తరా?"

"ఎందుకయ్యా?"

"నేను మొదటిసారి తాగింది గీ బల్ల కాడనే సార్. మీ ముంగట వద్దనాలంటే భయమైంది. ఒకసారి సేమ్ అన్నంక ఇగ హాస్టల్ల గూడ వద్దనుడు చాతనైతలేదు. మా నాయిన దగ్గరికి పోక రెండు నెలలైంది. వాసన పట్టేస్తడని పోతలేను."

అతని కోసం సిద్ధం చేసుకున్న చీవాట్లన్నీ నాకే సరిపోయాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇదే చెబుతాను. తప్పు నాదే, ఏమీ అనుకోకు" అన్నాను.

"అయ్యో, గట్లనకుండ్రి సార్" అని అతనే కంగారుపడ్డాడు.

అంతటితో అన్నీ చక్కబడిపోలేదు. ఆ తర్వాత కూడా రెండు మూడు సోమవారాలు తల పట్టుకునే వచ్చాడు. నేనేమీ అనలేదు. శనివారం సాయంత్రాలు నాతో షటిల్ ఆడటానికి రమ్మన్నాను. వచ్చాడు. వచ్చి, కాస్తయినా మొహమాటం లేకుండా నన్ను చిత్తుగా ఓడించడం మొదలుపెట్టాడు. అంత ఆనందంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

ఒక సోమవారం నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

"నిన్న నాయిన దగ్గరికి పోయిన సార్. మొత్తం చెప్పిన."

"ఏమన్నారు?"

"నా పల్లెంల ఇంకింత అన్నం పెట్టిండు. మీ సారుకు పన్ను ఎట్లుందిరా అని అడిగిండు."

నా పన్ను నయమై అప్పటికి మూడు నెలలు దాటింది. శుక్రవారాలు నేను చెప్పేది మాత్రం ఇంకా సోడాయే.

"ఇంకా కొంచెం నొప్పిగానే ఉందని చెప్పు" అన్నాను.